బండిని పెంచుటకు ముందు జాయింటు షాఫ్టు లెక్క చూడుడు

టమాటా కోతల దినములలో సోమల నుండి పుంగనూరు మీదుగా మదనపల్లెకు పోవు త్రోవలో తెల్లవారుజామున నిలిచి చూచినవారికి మన సేద్యమంతయు చక్రములమీద పోవుచున్నట్లు తోచును. ఆవులపల్లె, ఇరికిపెంట, కందూరు, నంజంపేట, ఏ యూరి తోటయైనను క్రేట్లు పికప్పు బండి కెక్కినగాని మండీకి చేరవు. 2023 జూలైలో మదనపల్లె మండీలో మేలురకపు టమాటా కిలో ధర నూరు రూపాయలు దాటినది. అట్టి దినమున అరపూట ఆలస్యమైన ఎంత నష్టమో, ధర పడిపోయిన దినమున అదే అరపూట ఎంత దుఃఖమో మన సభ్యులకు మేము చెప్పనక్కఱలేదు. పంటకు నీరెట్లో, పండిన పంటకు బండి అట్లు.

వ్యవసాయ ప్రదర్శకులమైన మాకు బండ్ల మరమ్మత్తుతో ఏమి పని యని కొందఱు అడుగవచ్చును. నారు, ఎరువు, పురుగుమందుల సంగతి చెప్పుటకు పొలముల వెంబడి తిరుగువారము గనుక, పంట యెచ్చట చెడుచున్నదో మా కంటబడక తప్పదు. ఈ రెండు మూడు సంవత్సరములుగా పొలమున చెడక త్రోవలో చెడిన పంటను మేము పలుమారులు చూచితిమి. దానికి కారణమైన వస్తువు బండి క్రింద చీకటిలో తిరుగు ఒక గొట్టము. దానిని మన మెకానిక్కులు జాయింటు షాఫ్టందురు. పుస్తకములలో ప్రొపెల్లరు షాఫ్టని వ్రాయుదురు. దానిని గూర్చియే ఈ నాలుగు మాటలు.

మన ప్రాంతమున పికప్పు కొనినవారు దానిని కొన్న రీతిగా ఉంచుట అరుదైపోయినది. బరువునకు క్రుంగుచున్నదని వెనుక కమాను పట్టీలు రెండేసి చేర్చి ఎత్తు పెంచువారు కొందఱు. ఇంకొక వరుస క్రేట్లు పట్టునని తొట్టిని, దానితోపాటు చట్రమును పొడిగించువారు కొందఱు. రెండును చేయువారు మఱికొందఱు. ఈ మార్పులు చేయునప్పుడు అందఱును పట్టీల ఖరీదు, ఇనుము ఖరీదు, వెల్డింగు కూలి లెక్క వేయుదురు. జాయింటు షాఫ్టును మాత్రము చివర “చాలకున్న ముక్క అతికించుదము” అని వదలివేయుదురు. మా అభిప్రాయము దీనికి నేరుగా విరుద్ధము. బండి ఎత్తు పెరిగినను పొడుగు పెరిగినను మొదట లెక్క చూడవలసినది షాఫ్టునే. ఆ లెక్క కుదరనిచో ఆ మార్పు మానుకొనవలెను.

గడచిన వేసవిలో మేమెఱిగిన రైతొకడు తన బండి తొట్టిని రెండడుగులు పొడిగించి, వెనుక ప్రక్కకు రెండేసి పట్టీలు వేయించెను. బండికి మొదట రెండు ముక్కల షాఫ్టు, నడుమ సెంటరు బేరింగు ఉండెడివి. పనిచేసిన లేతు షాపువారు, “అన్నా, ఒకటే పొడుగు షాఫ్టు వేసుకో, సెంటరు బేరింగు మార్చే బాధ ఉండదు” అని చెప్పి బేరింగు తీసివేసి పొడుగు గొట్టము బిగించిరి. మఱునాటినుండి వేగము పెంచినప్పుడెల్ల బండి అడుగున జుమ్మను మ్రోత. ఆయన టైర్లు మార్చెను. ఆఱు నెలలలో క్రాసులు మూడుసార్లు మార్చెను. ఒకనాటి వేకువను నిండు బరువుతో మిట్ట ఎక్కుచుండగా వెనుక క్రాసు విఱిగి, షాఫ్టు కొస ఊడి తొట్టి అడుగును బాది, బ్రేకు నూనె పోవు గొట్టమును నలుగగొట్టెను. బండిమీద ముగ్గురు కూలివారుండిరి. దైవకృపచేత ఎవరికిని అపాయము కలుగలేదు. సరకు వేఱొక బండి కెక్కించి మండీకి చేర్చునప్పటికి వేలము ముగిసెను. ఆ బండి వెనుకనే మేమును వచ్చుచుంటిమి గనుక ఇది విన్నమాట కాదు, కన్నమాట.

ఇక పని యెట్లు జరుగునో చూతము. ఎద్దులబండికి ఎద్దు కాడిని లాగిన చక్రము తనంతట తిరుగును. పికప్పునకు యంత్రము ముందున్నది, త్రిప్పవలసిన చక్రములు వెనుకనున్నవి. గేరుబాక్సు చట్రమునకు బిగింపబడి కదలకుండును. వెనుక ఇరుసుండు హౌసింగు కమాను పట్టీలమీద గుంట గుంటకును లేచి పడుచుండును. కదలనిదానినుండి కదలుదానికి బలమును చేర్చవలెను గనుక షాఫ్టునకు రెండు చివరల వంగు కీళ్లు పెట్టిరి. అవియే క్రాసులు. ఇరుసు లేచి పడునప్పుడు దూరము కొంచెము మాఱును గనుక ఒకచోట ముందునకు వెనుకకు జరుగునట్లు పళ్ల జారుడు కీలు పెట్టిరి. ఇంతే దీని నిర్మాణము.

క్రాసునకు ఒక చిత్రమైన గుణమున్నది. అది వంకరగా తిరుగునప్పుడు ఒకవైపు సమముగా త్రిప్పినను రెండవవైపు సమముగా తిరుగదు. చుట్టు ఒక్కంటికి రెండుమార్లు వడి హెచ్చి రెండుమార్లు తగ్గును. ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్ 17వ శతాబ్దముననే ఈ కీలును పరిశోధించెను. అమెరికాలో క్లారెన్సు స్పైసరు 1903లో పేటెంటు పొందిన తరువాత ఇది మోటారు బండ్లలో వ్యాపించినది. వంకర పెరిగిన కొలది ఈ హెచ్చుతగ్గు మిక్కిలి త్వరగా పెరుగును. 10 డిగ్రీల వంకరకు నూటికి ఒకటిన్నర పాలు హెచ్చుతగ్గు. 20 డిగ్రీలకు నూటికి ఆఱు పాలకు మించును. అనగా వంకర రెట్టింపైన కుదుపు నాలుగింతలగును. ట్రాక్టరునకు రొటవేటరు తగిలించినవారు దీనిని చెవులార వినియే యుందురు. రొటవేటరు నేలనున్నంతవఱకు షాఫ్టు మెత్తగా తిరుగును. గనిమ దగ్గఱ త్రిప్పుటకై తిరుగుచుండగనే పైకెత్తిన కటకటమని కొట్టుకొనును. పికప్పు క్రింద జరుగునదియు ఆ కటకటయే. తొట్టి మ్రోతలో వినబడదు, అంతే భేదము.

అట్లయిన కొత్త బండ్లు మెత్తగా ఎట్లు పోవుచున్నవని అడుగుదురు. మొదటి క్రాసు చేసిన తప్పును రెండవ క్రాసు దిద్దును గనుక. దీనికి రెండు షరతులున్నవి. షాఫ్టు రెండు కొసల కవ్వలు ఒకే తలమున ఉండవలెను. గేరుబాక్సు ఇరుసును, హౌసింగు ముక్కును ఒకదానికొకటి సమాంతరముగా ఉండవలెను. మిషను పాఠశాలలో మాకు రేఖాగణితము చెప్పిన ఉపాధ్యాయులు, రెండు సమాంతర రేఖలను ఖండించు మూడవ రేఖ రెండింటితోను సమానమైన కోణములు చేయునని నల్లబల్లమీద సుద్దతో గీసి చూపిరి. సేద్యగాని పిల్లలకు ఇది యెందుకని నాడు నవ్వుకొంటిమి. బండి క్రింద పండుకొని చూచిననాడు ఆ గీతలే కనబడినవి. గేరుబాక్సు ఒక రేఖ, హౌసింగు ముక్కు ఒక రేఖ, వానిని కలుపు షాఫ్టు మూడవది. కోణములు సమానమైనచో తప్పునకు తప్పు సరిపోవును. సమానము కానిచో రెండు తప్పులును బండిమీదనే పడును.

కోణమెంత యుండవచ్చునన్న ప్రశ్నకు మోటారు శాస్త్రజ్ఞులు చెప్పు సామాన్య నియమమిది. బరువుతో నడుచునప్పుడు ఒక్కొక్క క్రాసు వద్ద 1 డిగ్రీ మొదలు 3 డిగ్రీల వఱకు ఉండుట మంచిది. రెండు కొసల కోణములకు భేదము 1 డిగ్రీకి మించరాదు. కోణము సున్నయైన ఇంకను మేలు కదా యనకుడు. క్రాసు గిన్నెలలోని సూది బేరింగులు కొంచెమైనను కదలనిచో ఒకేచోట నొక్కుకొని గాడిపడును. మొత్తము మీద కొంచెము వంకర కావలయును, ఎక్కువ వంకర కూడదు, రెండు వంకరలును ఒక్కటిగా నుండవలెను.

ఇప్పుడు పట్టీలు చేర్చినవారి సంగతి. వెనుక మూడంగుళములు ఎత్తు పెరిగినదనుకొందము. ఒక మీటరు పొడవు షాఫ్టునకు ఆ ఎత్తు 4 డిగ్రీలకు పైగా కొత్త వంకరను కలిగించును. రెండు మీటర్ల షాఫ్టునకు అది 2 డిగ్రీల చిల్లర మాత్రమే. ఇది గుర్తుంచుకొనుడు, దీనితో ముందు పని యున్నది. అంతేగాక కొత్త పట్టీలు సరిగా కూర్చుండనిచో హౌసింగు ముక్కు వంపు కూడ మాఱి సమాంతరము చెడును. దీనికి మందు, పట్టీలకును ఇరుసు పీటకును నడుమ ఉక్కు చీలికలు తగిన కొలతకు పెట్టి ముక్కును సరిచేయుట. కఱ్ఱ ముక్కలు, రేకు మడతలు పెట్టుట ప్రాణములతో పరిహాసమాడుట. చీలిక పెట్టిన వారము దినములకు యూ బోల్టులను మరల బిగింపవలెను. కోణమును ఖాళీగా ఒకసారి, సామాన్యముగా వేయు బరువుతో ఒకసారి, రెండుసార్లు కొలువవలెను. చేతి ఫోనులో వాలు కొలుచు సాధనము ఉన్నది గనుక దీనికి దమ్మిడీ ఖర్చు లేదు. మిట్టలో బరువు లాగునప్పుడు హౌసింగు ముక్కు తనంతట కొంచెము పైకి లేచును. కాబట్టి నిలుకడలో అది ఒక వెంట్రుకవాసి క్రిందికే యుండుట మేలు.

పొడిగించినవారి సంగతి వేఱు. పొడుగు వెదురుగడను రెండు కొసల పట్టుకొని త్రిప్పిన నడుమ బొజ్జవలె పొంగి ఊగును. కుఱచ గడ అట్లు ఊగదు. ఇనుప గొట్టమునకును ఇదియే ధర్మము. ప్రతి షాఫ్టునకును ఒక హద్దు వేగమున్నది. దానిని సమీపించినకొలది అది నడుమ విల్లువలె వంగి తన్నుకొనును. ఆ హద్దు పొడుగు యొక్క వర్గమునకు విలోమముగా తగ్గును. అనగా పొడుగు రెట్టింపైన హద్దు నాలుగవ వంతునకు దిగును. ఉదాహరణమునకు మూడంగుళముల వెడల్పు, రెండున్నర మిల్లీమీటర్ల మందముగల ఉక్కు గొట్టమును తీసికొందము. ఒక మీటరు పొడవైన దాని హద్దు నిమిషమునకు 12,000 చుట్లకు పైగా వచ్చును. రెండు మీటర్లయినచో లెక్క ప్రకారము సుమారు 3,170 చుట్లే.

ఈ సంఖ్య బండి వేగముతో ఎట్లు కలియునో చూడుడు. చక్రపు వ్యాసార్ధము 34 సెంటీమీటర్లు, హౌసింగులోని పళ్ల నిష్పత్తి 4.3 అనుకొందము. గంటకు 80 కిలోమీటర్ల వేగమున చక్రము నిమిషమునకు 624 చుట్లు, షాఫ్టు సుమారు 2,680 చుట్లు తిరుగును. హద్దునకు ముప్పాతిక దాటి పోరాదని పెద్దల నియమము. 3,170లో ముప్పాతిక 2,380. అనగా ఆ రెండు మీటర్ల ఒంటి షాఫ్టుతో గంటకు 70 కిలోమీటర్లు దాటినప్పుడెల్ల మనము గీత దాటి పోవుచున్నాము. మా రైతు బండి జుమ్మనుటకు కారణము టైర్లు కావు, క్రాసులు కావు, పొడుగే. క్రాసులు మూడుసార్లు మార్చుట జ్వరము వచ్చినవానికి చొక్కా మార్చుట వంటిది.

“అయితే మందమైన గొట్టము వేయుదము, లేదా గట్టి కడ్డీయే వేయుదము” అనువారున్నారు. ఇది మనవారిలో వేరుపాఱిన భ్రమ. అదే మూడంగుళముల వెడల్పుతో బోలు లేని గట్టి ఉక్కు కడ్డీ వేసిన హద్దు పెరుగకపోగా సుమారు 2,300 చుట్లకు దిగును. కడ్డీ తన బరువును తానే మోయవలెను గనుక. హద్దును పెంచునది మందము కాదు, వెడల్పు. నాలుగంగుళముల గొట్టము వేసిన హద్దు మూడవ వంతు పెరిగి 4,200 దాటును. కాని అంత గొట్టము ఇరుసు లేచినప్పుడు తొట్టి అడుగును, అడ్డుపట్టీలను తాకకుండ తిరుగుటకు చోటుండవలెను. అది కొలిచి చూచుకొనవలెను.

మేలైన మార్గము షాఫ్టును రెండు ముక్కలు చేసి నడుమ సెంటరు బేరింగు పెట్టుట. బండ్లు చేయు కంపెనీలవారు పొడుగు బండ్లకును లారీలకును అట్లు చేయుట ఊరకే కాదు. సెంటరు బేరింగు రబ్బరు చీలును, దానిని మార్చవలసివచ్చును, అది నిజమే. కాని చీలు రబ్బరు మ్రోతచేసి ముందుగా హెచ్చరించును. పొడుగు షాఫ్టు తన్నుకొన్న క్రాసు, గేరుబాక్సు వెనుక సీలు, హౌసింగు ముందు బేరింగు వరుసగా పోవును. ఒక రబ్బరునకు వెనుదీసి మూడు వస్తువులు పోగొట్టుకొనుట ఏటి లెక్క?

ఐనను రెండు ముక్కల షాఫ్టులోను ఒక లోపము కలదు, దానిని దాచము. దానిలో వెనుక ముక్క కుఱచ. కుఱచ షాఫ్టునకు ఎత్తు పెరిగిన కోణము ఎక్కువ పెరుగునని పైన చెప్పితిమి. కనుక పొడుగునకు మంచిదైన మందు ఎత్తునకు చెడుపు, ఎత్తునకు ఓర్చుకొను పొడుగు షాఫ్టు వేగమునకు చెడుపు. ఈ సంగతియే మా వ్యాసమునకు ప్రాణము. పొడిగించిన బండికి రెండు ముక్కల షాఫ్టు వేసి, ఎత్తును కంపెనీ పెట్టినచోటనే ఉంచవలెను. ఎత్తు పెంచిన బండికి పొడుగు పెంచక, కోణములను చీలికలతో సరిదిద్దవలెను. కోణము మఱీ పెద్దదైన చోట రెండు క్రాసులు జంటగా గల ముందు కీలు వాడుట కలదు. అది ఖరీదైనది, హౌసింగు ముక్కును నేరుగా ఆ కీలువైపునకు త్రిప్పవలసియుండును, కొండదారుల నాలుగు చక్రముల బండ్లకేగాని క్రేట్లు మోయు బండికి ఆ యవసరము రాకూడదు. ఎత్తును పొడుగును రెండును ఒకే బండికి చేయించుట మాత్రము రెండు పొగరుబోతు కోడెలను ఒకే కాడికి కట్టుట. కాడి విఱుగక మానదు.

లేతు షాపునకు పోవు సభ్యులు ఈ నాలుగు సంగతులు దగ్గఱనుండి చూచుకొనవలెను. మొదటిది, షాఫ్టు విప్పుటకు ముందు కవ్వలమీదను పళ్లమీదను సుద్దతోగాని సుత్తిపోటుతోగాని గుర్తు పెట్టింపవలెను. ఒక పన్ను తప్పి బిగించినను కవ్వల తలము చెడి, తప్పును దిద్దవలసిన క్రాసు దానిని సరిగా దిద్దజాలదు. మూడు క్రాసులుగల షాఫ్టునకు కంపెనీవారి గుర్తే ప్రమాణము. రెండవది, పాత గొట్టమునకు నడుమ ముక్క అతికించుట కూడదు. గొట్టమంతయు కొత్తది వేసి కవ్వల వద్దనే వెల్డింగు చేయవలెను. మూడవది, వెల్డింగు అయిన పిమ్మట షాఫ్టును యంత్రముమీద త్రిప్పి తూకము సరిచేయింపవలెను. ఈ యంత్రము లేని షాపు ఎంత చవుకయైనను మన పనికి చాలదు. నాలుగవది, జారుడు కీలు. బండి నిండు బరువుతో గుంటలో దిగినప్పుడును లోపలికి సుమారొక అంగుళము జరుగుటకు చోటు మిగిలియుండవలెను. లేనిచో షాఫ్టు గేరుబాక్సును పొడుచును. ఇరుసు పూర్తిగా జాఱినప్పుడు పళ్లు చాలినంత లోపల ఉండవలెను. లేనిచో ఊడి పడును.

ఊడి పడుటయన నేమో తెలిసికొనుడు. ముందు కొస ఊడిన షాఫ్టు రోడ్డులో గ్రుచ్చుకొని వెనుక భాగమును పైకెత్తివేయగలదు. అందుకే షాఫ్టు ముందు భాగము క్రింద ఒక ఉక్కు కడియమును చట్రమునకు బిగించుట మంచిది. విఱిగినను నేలను తాకక దానిలో పడియుండును. ఇంకొక భయముకూడ కలదు. మదనపల్లె నుండి తిరుపతికి పోవువారు భాకరాపేట ఘాటు దిగునప్పుడు గేరులో పెట్టి యంత్రముచేత బండిని పట్టించుకొని దిగుదురు. ఆ పట్టు చక్రములకు చేరునది షాఫ్టు ద్వారముననే. షాఫ్టు విఱిగిననాడు గేరు ఉన్నను లేనట్లే. ఆ బరువంతయు కాలి బ్రేకుమీద పడును. అట్టి బండిమీద క్రేట్లపై కూలివారిని కూర్చుండబెట్టుట ఏ ధర్మమో సభ్యులే ఆలోచింపవలెను.

పోషణ సంగతి మన తాతలకు తెలియనిది కాదు. ఇరుసునకు కందెన పెట్టక వారు బండి కట్టలేదు. క్రాసులకును జారుడు కీలునకును కందెన చన్ను లున్న బండ్లకు కంపెనీ చెప్పిన గడువున, దుమ్ములోను వానలోను తిరిగినచో అంతకు ముందే, కొత్త కందెన నాలుగు గిన్నెలనుండియు బయటికి కనబడువఱకు ఎక్కింపవలెను. కదలునప్పుడు టక్కుమను శబ్దము, క్రాసు చుట్టు ఎఱ్ఱని తుప్పు పొడి, ఒకే వేగమున వచ్చి ఆవల పోవు మ్రోత, ఈ మూడును షాఫ్టు పంపు తంతివార్తలు. వానిని వినక పాటల పెట్టె గొంతు పెంచువారు మనలో లేకపోలేదు.

చట్టము మాటయు చెప్పవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, కంపెనీ నిర్ణయించి రిజిస్ట్రేషనులో వ్రాయబడిన వివరములకు భేదము కలుగునట్లు యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే స్థిరపఱచినది. అదే సంవత్సరపు సవరణ ప్రకారము, చట్టము ఒప్పని మార్పు చేసిన యజమానికి ఆఱు నెలల వఱకు ఖైదుగాని, మార్పు ఒక్కంటికి 5,000 రూపాయల జుర్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. హద్దు మీఱిన బరువునకు 20,000 రూపాయలు, ఆపైన టన్నుకు 2,000 చొప్పున జుర్మానా కలదు. మార్చిన బండికి ప్రమాదము జరిగిన బీమావారు పేచీ పెట్టుటకు అవకాశము దొరకును. కాబట్టి ఏ మార్పు తలపెట్టినను ముందుగా రవాణా కార్యాలయమున విచారించుట వివేకము.

“మీకేమి, ఉపన్యాసము చెప్పి పోవుదురు. రెండు నడకలకు డీజిలు ఎవరిత్తురు?” అని ఒక పెద్దరైతు మమ్ముల నడిగెను. న్యాయమైన ప్రశ్న. ధర పడిన దినమున ఒక నడక ఖర్చే మిగులుబాటు. ఆ బాధ తెలియక మేము వ్రాయుటలేదు. కాని తొట్టి పొడిగించుటకు పెట్టిన సొమ్ము, ఏడాదిలో మార్చిన క్రాసులు, సీళ్లు, టైర్లు, చెడిన ఒక్క దినపు సరకు, ఇవన్నియు ఒక కాగితముమీద కూడి చూచినచో రెండవ నడక డీజిలు అంత భారముగా కనబడదు. మఱియు కంపెనీలవారే వేర్వేరు పొడవుల తొట్లతో, వానికి తగిన షాఫ్టులతో బండ్లను అమ్ముచున్నారు. పొడుగు కావలసినవారు కొనునప్పుడే పొడుగు బండిని కొనుట మేలు. ఒక్కరికి శక్తి చాలనిచో ఇద్దఱు ముగ్గురు కలిసి పెద్దబండి బాడుగకు మాట్లాడుకొనవచ్చును. కలిసి చేయుటకే గదా సహకార సంఘము పుట్టినది.

ఇందుచేత మన సంఘ కార్యవర్గమువారికి మేము మూడు మనవులు చేయుచున్నాము. తొట్టి పొడిగించుటకు సంఘము అప్పు ఈయరాదు. పొడుగు బండి కొనుటకు ఈయవలెను. కందెన ఎక్కించు పిచికారి యొకటి సంఘపు గిడ్డంగిలో ఉంచి సభ్యులెల్లరకు వాడుకకు ఈయవలెను. కోతలు ముమ్మరము కాకముందే ఒక ఉదయము సభ్యుల బండ్లన్నిటిని సోమలలో ఒకచోట నిలిపి, అనుభవముగల మెకానిక్కును పిలిపించి, ఖాళీగాను బరువుతోను కోణములు కొలిపించి ఒక చీటీమీద వ్రాసి ఈయవలెను. కొలత దారము పట్టుకొనుటకు మేము వత్తుము.

ఇప్పటికే బండి పొడిగించి ఒంటి షాఫ్టు వేసికొన్న సభ్యులు ఆ దినము వఱకు ఆగనక్కఱలేదు. ఈ సంచిక చదివి ముగించిన పిమ్మట దీపము పట్టుకొని బండి క్రిందికి ఒకసారి చూడుడు. నడుమ సెంటరు బేరింగు లేని పొడుగు గొట్టము కనబడినచో, అది సరిచేయువఱకు బరువు తగ్గించి, వేగము 60 దాటనీయక, క్రేట్లమీద మనుష్యులను ఎక్కింపక నడుపుడు.